పటంలో లేని గుడ్లగూబ

పక్షిని చూడటానికొచ్చి పుస్తకం చూసుకునే పెద్దమనిషి మా బృందానికి నాయకుడు. ఒక చిట్టి గుడ్లగూబ కోసం మమ్మల్ని అరబ్బు దేశంలోని సలాలా కొండలోయల్లో మూడు రోజులు తిప్పాడు.

కొబ్బరిబొండాల కొట్టు దగ్గర మా తెలుగు విని ఒకావిడ పలకరించింది. కడప జిల్లా మనిషి, పక్క వీధిలో ఒక ఇంట్లో వంటపని చేస్తోంది. మేం వెతుకుతున్నదేమిటో చెప్పాను.

"గుప్పెడంత ఉంటాది, బెరడు రంగు, అదేనా సార్? మా వంటింటి ఎనక యాపచెట్టులో పగలంతా కునుకుతా ఉంటాది. మా ఊర్లో అయితే కీడని రాయేసి తరిమేవోళ్లం. ఈడ దాన్ని చూడందే నేను టీ పెట్టను."

నాయకుడు పుస్తకం తెరిచి, అది ఉండే చోట్లకు రంగేసిన పటం మీద వేలు పెట్టాడు. "అది కొండల్లోనే ఉంటుందమ్మా. నువ్వు చూసింది ఇంకేదో."

ఆవిడ పటాన్ని శ్రద్ధగా చూసింది. "ఈ కాయితం దానికి చూపించినారా సార్?"

ఆయన విసురుగా కారెక్కాడు. నేను ఆవిడ వెంట వెళ్లాను. పరాయి మగవాళ్లను లోపలికి రానివ్వరని ప్రహరీ బయటి నుంచే చూపించింది. కొమ్మ మీద బెరడులో కలిసిపోయి, చెవుల్లాంటి రెండు కుచ్చులు నిక్కబొడుచుకుని, అది హాయిగా నిద్రపోతోంది. కారు హారన్ మోగుతూనే ఉంది.

"లేదు కదా?" అన్నాడాయన, నేను రాగానే.

"లేదండీ, మీ పుస్తకమే కరెక్టు," అని నిమ్మళంగా అబద్ధమాడాను.