కాగితం అందని మరణం

కాపరులను మందకు ఇచ్చేవాడూ, పని తీరాక తన దగ్గరికి పిలుచుకునేవాడూ అయిన దేవునికి స్తోత్రం.

నా పదవీ విరమణకు రెండేళ్ల ముందు సంగతి. మేత్రాసన కార్యాలయంలో నేను గుమాస్తాను. పీఠాధిపతి, అంటే మా బిషప్పు గారి సర్క్యులర్లు విచారణలనే పెద్ద చర్చిలకూ, వాటి కింది పల్లెలకూ పంపి, అందినట్టు సంతకాలు తెప్పించుకోవడం నా పని. ఆ ఏడాది ఒక పల్లె ఉదయగిరి విచారణ నుంచి ఆత్మకూరు విచారణకు మారింది. పాత జాబితాలో దాని పేరు కొట్టేశాను, కొత్త జాబితాలో ఎక్కించలేదు. ఆ నెలలోనే మా పీఠాధిపతి ప్రభువునందు నిద్రించారు. మరణవార్త సర్క్యులర్ అన్ని ఊళ్లకూ వెళ్లింది, ఆ పల్లెకు తప్ప.

పూజ చేసే గురువు రాని ఆదివారాల్లో అక్కడ ఆరాధన నడిపేది ఉపదేశి యోసేపు. ఏడాది తర్వాత కొత్త పీఠాధిపతి పిల్లలకు నుదుట తైలం పూసి భద్రమైన అభ్యంగనం ఇవ్వడానికి ఆ పల్లెకు వస్తున్నారనగా తెలిసింది, యోసేపు ఇంకా పాత పీఠాధిపతి ఆరోగ్యం కోసమే ప్రార్థన చేయిస్తున్నాడని. అతను మానకపోతే ఉపదేశిని మారుస్తానన్నారు విచారణ గురువు. ముప్పై ఏళ్ల సేవ అతనిది. తప్పు నాది. సర్క్యులర్ జిరాక్సు తీసుకుని బస్సెక్కాను.

“సమాధికి నువ్వూ వచ్చినావు గదా, యోసేపన్నా?”

“వచ్చినా. మట్టి గూడా ఏసినా. అది యోసేపు. ఉపదేశికి కాయితం రాలా.”

“వాట్సాప్‌లో అందరికీ వచ్చిండాది.”

“దానికి ముద్ర ఏదయ్యా? కాయితం లేకుండా పెద్దాయన్ని నేనెట్ల చంపేది?”

జిరాక్సును వెలుగుకు పట్టి చూసి, అసలు ముద్ర కాదని తిరిగిచ్చేశాడు. దాని మీద సంతకం చేసినది, పాత పీఠాధిపతి పోయాక మధ్యలో బాధ్యత చూసిన తాత్కాలిక పాలనాధికారి. కొత్త పీఠాధిపతి పదవిలోకి వచ్చిన రోజే ఆయన అధికారం ముగిసింది, మళ్లీ సంతకం పెట్టించే వీలు లేదు. నియమం యోసేపు పక్షానే ఉంది.

కొత్త పీఠాధిపతి పల్లెకు వచ్చిన ఆదివారం, పూజ మధ్య విశ్వాసుల ప్రార్థనలో యోసేపు ఇద్దరు పీఠాధిపతులకూ ఆయురారోగ్యాలు కోరాడు. “ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము” అన్నారు జనం, ఎప్పటిలాగే. పీఠాధిపతి నా వైపు చూశారు. దగ్గరికి వెళ్లి నా పొరపాటు చెప్పుకున్నాను. ఆయన అక్కడికక్కడే పాత పీఠాధిపతి మరణవార్త నాతో నాలుగు వాక్యాల్లో రాయించి సంతకం చేశారు. అభ్యంగనం రిజిస్టరు కోసం తెచ్చిన ముద్ర వేశాను.

యోసేపు రెండు చేతులతో అందుకుని చదవడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం చదివి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఏడాది కింద సమాధి మీద పూలు చల్లి వచ్చిన ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఎవరో చావు గంట కొట్టారు. తెల్లబట్టల్లో వరుసగా నిలబడ్డ పిల్లలు ఆత్మశాంతి ప్రార్థన ముగిసేదాకా ఆగారు. అభ్యంగనం గంట ఆలస్యమైంది, బిర్యానీ చల్లారింది.

భోజనాల దగ్గర యోసేపు అందినట్టు సంతకం చేసి, “ఇంక ఆయన పోయినట్టే” అన్నాడు. పీఠాధిపతి అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని నాతో అన్నారు: “నేను పోయినప్పుడు మొదటి కాగితం ఈయనకే పంపండి.” ఉపదేశిని మార్చే మాట విచారణ గురువు మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత ఏ పల్లె మారినా కొత్త జాబితాలో ఎక్కించాకే పాతదాంట్లో కొట్టేశాను. నేను నేర్చుకున్నది అదే. చదివిన మీరు పాత పీఠాధిపతి ఆత్మశాంతికీ, కొత్త పీఠాధిపతి ఆరోగ్యానికీ, ఇప్పటికీ ప్రార్థన చేయిస్తున్న యోసేపు మోకాళ్ల నొప్పులకూ నాతో కలిసి ఒక పరలోక జపం చెప్పండి. దీనికి కాగితం అక్కర్లేదు.