వల్లియక్క గీసిన నెమలి మెడ

ఈ ఉదయం రంగుల బల్ల దగ్గర కొబ్బరినూనె వాసన వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయి శుక్రవారమని తలంటుకుని, జడకు ఇంత నూనె రాసుకుని, నేరుగా వచ్చి తన పళ్ళెం పట్టుకోబోయింది. "దాన్ని ముట్టొద్దు" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. ఆ వాసనకు నాకు వల్లియక్క గుర్తొస్తుందనీ, దాంతోపాటే సిగ్గు ముంచుకొస్తుందనీ పాపం ఆ పిల్లకేం తెలుసు.

కడంబత్తూరులో రైలుకట్ట పక్కన మా షెడ్డు. తిరువళ్ళూరు నుంచి రోజూ ఎలక్ట్రిక్ రైల్లో వచ్చేదాన్ని. ఒకసారి కాల్చిన మట్టి పళ్ళేల మీద రంగులతో బొమ్మలు వేయడం మా పని. ఆ పైన వాటిని గాజుపూతలో ముంచి మళ్ళీ కాలుస్తారు. అప్పట్లో అక్కడ బల్ల పెత్తనం వల్లియక్కది. ఆమె చదివింది ఐదో తరగతి. నేనేమో చిత్రకళలో డిప్లొమా చేసినదాన్ని. అయినా ఆమె ఒక్క ఊపులో గీసే నెమలి మెడ, నేను నాలుగుసార్లు తుడిచి గీసినా వచ్చేది కాదు. పచ్చిగా ఉన్నప్పుడు రంగులన్నీ సున్నం కలిపినట్టు వెలవెలబోతాయి. కాలితే గాని అసలు రంగు తేలదు. ఆమెకు మాత్రం అది ముందే కనిపించేది. "కంటిని నమ్మొద్దు మే, ఎన్నిసార్లు పూసినావో దాన్ని నమ్ము" అనేది. ఏదీ దాచుకోకుండా నేర్పేది. దాచుకునే మనిషైతే తిట్టుకోవడానికి నాకో సాకైనా దొరికేది. కుళ్ళుతో నాకు అన్నం సయించేది కాదు.

షెడ్డులో ఆమె పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. శుక్రవారం తలంటుకుని వచ్చినవాళ్ళు పళ్ళేలు ముట్టకూడదు. ఆ రోజు రంగులు నూరడం, కుంచెలు కడగడం వరకే. నూనె వేలు తగిలిన చోట గాజుపూత అంటదు మరి.

ఒకసారి తిరుత్తణి కొండ కింద అంగడివాళ్ళు నెమలి పళ్ళేలు కావాలన్నారు. మమ్మల్నిద్దరినీ చెరొకటి వేయమన్నాడు ఓనరు. ఎవరిది నచ్చితే ఇకపై బల్ల పెత్తనం వాళ్ళదేనట. నాది గురువారమే అయిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం అక్క తన పళ్ళేన్ని ఆరబెట్టి అన్నానికి లేచింది. ఆ మెడ చూశాను. ఎంత బాగుందో! ఆ పొద్దున తలంటుకుని నూనె రాసుకున్న నా జడ మీదికి చెయ్యి పోయింది. అక్కడి నుంచి ఆ మెడ మీదికి పోయింది. బొటనవేలితో గట్టిగా నొక్కాను. పొరపాటున కాదు.

బట్టీ తెరిచిన రోజు, ఆ నీలం మెడ నడుమ బొటనవేలంత బోడి మచ్చ. ఓనరు నా పళ్ళెం తీసుకుపోయాడు. అక్క తన పళ్ళేన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. తర్వాత నా జడ వైపు చూసింది. ఓనరుకు చెప్పేస్తుందనుకున్నాను.

"చెప్తే నిన్ను పంపించేస్తాడు" అంది మెల్లగా. "ఈ పొరామ, ఈ కుళ్ళు నాకు మాత్రం లేదా మే? నీ మాదిరి రంగులు కలపడం నాకు యాడ వచ్చింది? కుళ్ళుకోని ఏడ్చినా. అయినా నీ పళ్ళేన్ని యెప్పుడన్నా ముట్టినానా?"

మర్నాటి నుంచి నా ఎడమ పక్కన కూర్చుని, నేను అడిగిన రంగులు నూరి ఇచ్చింది. మరి కొన్నేళ్ళకు చూపు మసకబారి పని మానేసింది. ఆ రోజు ఆ పళ్ళేన్ని పాత చీరగుడ్డలో చుట్టి తెచ్చి, "ఈ మచ్చ నీది, నువ్వే పెట్టుకో" అని నా చేతికిచ్చింది.

అది ఇప్పుడు నా బల్లకెదురుగా గోడ మీద ఉంది. ఇప్పటికీ ఆ మెడ గీత నాకు రాలేదు. ఈ కొత్త పిల్లకు మాత్రం వచ్చేసింది, చేరిన నెలకే. నిన్న చూశాను. కడుపు మండిపోయింది.

జడకు నూనె రాయడం నేను ఎప్పుడో మానేశాను. అయినా ఆ పిల్ల పళ్ళేలు ఆరే చోటుకి వెళ్ళాల్సి వస్తే, చేతులు రెండూ వెనక్కి కట్టుకునే వెళ్తాను.