కూత వెయ్యని వెలుగు

ఈ సాయంత్రం మా రైల్వే క్వార్టర్ ముందు కూర్చుని, రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా రిటైరైన పక్కింటి అప్పలస్వామి మావయ్యకి నక్షత్రాల చావు గురించి చెప్పాను. నక్షత్రం పేలిపోయే సూపర్నోవా వెలుగు వారాల తరబడి అన్ని వైపులా పరుచుకుంటుంది. గామా కిరణాల విస్ఫోటం మాత్రం తన శక్తిని ఇంజిన్ హెడ్‌లైట్‌లా ఒకే గీత వెంబడి, కొన్ని క్షణాల్లో చిమ్మేస్తుంది.

"లైటు పక్కకి జరిగితే అది పక్క లైను బండి. జరక్కండా అక్కడే ఉన్నాదంటే మన లైనే, పట్టాల మీంచి దిగిపోవాల," అన్నారాయన. "మరి ఇది కూతెయ్యదేటి?"

"వెయ్యదు మావయ్యా. దానికన్నా ముందు ఏ కబురూ రాదు."

ఆయన పైకి చూశారు. "ఆ చుక్క ఇందాకట్నించీ అక్కడే ఉన్నాది," అంటూ కుర్చీని రెండడుగులు పక్కకి జరుపుకున్నారు.

నవ్వబోయి, నేనూ జరిపాను. మీరైతే ఎటు జరుపుతారో చెప్పండి.