డొమింగుస్ విప్పిన కొబ్బరి మట్ట

డొమింగుస్ మా దీవిలో మా ఊరి సముద్రానికి కాపరి. వాళ్ల నాన్న తర్వాత ఆ పని అతనికొచ్చింది. ఊరి ముందున్న తీరపు ఒంపులో గుంజ పాతి, లేత కొబ్బరి మట్ట కట్టి, శంఖం ఊదాడంటే అక్కడి నీళ్లు మూసినట్టే. మట్ట విప్పేదాకా వల వేయకూడదు, మర పడవ తిప్పకూడదు, మునిగి లోలా గుల్లలు, అదే మాంసం తిని చిప్ప అమ్ముకునేవి, ఎదగకముందే తీయకూడదు. విప్పాక మాత్రం అంతా అందరిదీ. సగం విప్పడం, ఒకరి కోసం విప్పడం మా తాతల నాడు కూడా లేదు.

పెళ్లయిన కొత్తలో, కడుపుతో ఉన్న అతని భార్య యాకోమినా నోరూరి మూసిన నీళ్లలో రెండు గుల్లలు ఏరింది. డొమింగుస్ వాటిని తాడుకు గుచ్చి ఆమె మెడలో వేసి ఊరంతా తిప్పాడు. ముందు తను శంఖం ఊదుతూ నడిచాడు. నవ్వినవాళ్లు నవ్వారు. ఆమె తల దించలేదు, సంతకు పోతున్నట్టు నడిచింది. ఇంటికెళ్లాక చాలాకాలం మొగుడికి ఉప్పులేని సాగో చెట్టు పిండి జావే పోసింది.

అప్పుడు కడుపులో ఉన్నవాడే ఎలిసర్. పెద్దయ్యాక తండ్రికి తోడుగా కాపలా కాసేవాడు. పడమటి గాలుల కాలంలో, మూసి ఉన్న ఒంపులోకి ఏదో పరాయి పడవ వచ్చిందని చూడబోయాడు. తెల్లారి అతని తెప్ప రాళ్ల మీద బోర్లా పడి ఉంది. మనిషి లేడు.

మూసిన నీళ్లలో కాపరి తప్ప ఎవరూ మునగకూడదు కాబట్టి డొమింగుస్ ఒక్కడే ఊపిరి బిగబట్టి మునుగుతూ వెతికాడు. నీళ్లు బురదగా ఉన్నాయి, అతనికి వయసు మళ్లింది. మనిషి దొరకాలంటే వలలు ఈడ్చాలి, మర పడవలు తిరగాలి. పాస్టరుగారు, ఊరి పెద్ద వచ్చి మట్ట విప్పేయమన్నారు, దేవుడు తప్పుపట్టడన్నారు. దేవుడి సంగతి వాళ్లకు తెలిసినంతగా గుల్లల సంగతి తెలియదు. అవి ఇంకా బొటనవేలంత కూడా ఎదగలేదు. డొమింగుస్ మళ్లీ మునిగాడు.

అతను పైకి వచ్చేసరికి యాకోమినా గుంజ దగ్గర నిలబడి ఉంది.

"మెడలో గుల్లలు కట్టి తిప్పావు. తిరిగాను కదా?"

"తిరిగావు."

"ఆ మాట ఎప్పుడైనా ఎత్తానా?"

"లేదు."

"ఇవాళ ఎత్తుతున్నా. నా బిడ్డను మట్టిలో పెట్టుకోవాలి. విప్పు."

విప్పాడు. ముడి రాకపోతే పళ్లతో లాగాడు. కొడుకును వెతకండి, గుల్లల జోలికి పోకండి అని అందరినీ బతిమాలాడు. కాపరి బతిమాలడం మేమెప్పుడూ చూడలేదు. మట్ట విప్పాక అతని మాటకు విలువేముంది? అయినా అందరూ సరేనన్నారు. ఆ నిమిషాన ఎవరూ అబద్ధం ఆడలేదు.

పొద్దెక్కేదాకా బుద్ధిగానే వెతికారు. తర్వాత ఎవడో ఎలాగూ విప్పారు కదా అని రెండు గుల్లలు చొక్కాలో వేసుకున్నాడు. వాడు తీస్తే నేనెందుకు ఊరుకోవాలని పక్కవాడు మునిగాడు. పక్క ఊరి పడవలూ వాసన పట్టి వచ్చాయి. ఏడ్చే ఆడవాళ్లూ బుట్టలు తెచ్చిన ఆడవాళ్లూ ఒకే ఒడ్డున కూర్చున్నారు. కాసేపటికి ఎవరు ఏ పని మీద వచ్చారో చెప్పలేకపోయాం.

శవాన్ని కనిపెట్టింది మా ఊరి కుర్రాడు బాస్టియన్. గుల్ల కోసం రాతి కింద చెయ్యి పెడితే కాలు తగిలింది. ముందు గుల్లల సంచీని పడవలోకి ఎక్కించి, తర్వాత ఎలిసర్‌ను ఎక్కించాడు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

"మామా, దొరికాడు," అన్నాడు ఒడ్డుకొచ్చి.

డొమింగుస్ సంచీలోకి చూశాడు. "ఎంత చిన్నవి తీశావురా."

"అందరూ తీస్తున్నారు మామా."

"సరే. కాళ్ల వైపు పట్టుకో."

మట్టి చేసిన మర్నాడు పెద్దలు కొత్త మట్టతో అతని ఇంటికి వెళ్లారు. "ఏముందని కట్టమంటారు?" అని అడిగి లోపలికి వెళ్లిపోయాడు. కాపరి లేని ఊరని పేరు రాకూడదు కదా. శవాన్ని తెచ్చిన పుణ్యాత్ముడని బాస్టియన్‌ను కాపరిని చేశారు. అతను మట్ట కడతాడు, శంఖమూ ఊదుతాడు. ఆ తర్వాత ఒంపును తెరిచిన ప్రతిసారీ మునిగినవాళ్ల చేతికి ఇసకే వచ్చింది.

డొమింగుస్ ఇప్పుడు కొండమీద లవంగ తోటలోనే ఉంటున్నాడు. అక్కడి నుంచి సముద్రం కనపడదు. ఆదివారం ఆరాధన అయ్యాక యాకోమినా ఎండుచేప మూటకట్టుకుని పైకెక్కుతుంది. మా ఒంపులో ఏమీ పడక పక్క ఊరి వాళ్ల దగ్గర కొన్న చేప అది. ఎక్కడిదని అతను అడగడు. పెట్టింది తింటాడు.