పోల్చడానికి బాగున్న భుజం

ఆ రోజుల్లో నొప్పిని భరించడం ఒక పని అయితే, అది ఉందని నలుగురినీ నమ్మించడం అంతకు రెట్టింపు పని. ఎనభైల చివర్లో రాయగడ దగ్గర ఒక కార్ఖానాలో నేను కొత్త ఫిట్టర్ని. రోజంతా తల పైన పైపులు బిగించి బిగించి కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాటి లేచేది కాదు. తేలిక పని ఇప్పించమంటే మా మేస్త్రీ గారు నవ్వారు. "ఏటిరా, క్యాంటీన్లో పప్పుసారు కాడ బాగానే లేస్తాది గదా సెయ్యి?" (లేచేది ఎడమ చెయ్యి. అది ఎవరు చూశారు?) మళ్లీ అడిగితే పనిలోంచి తీసేయిస్తానన్నారు. నేనింకా పర్మినెంటు కాలేదు.

మా కాలనీ ఆసుపత్రికి అప్పుడే అల్ట్రాసౌండ్ మిషను వచ్చింది. అది కడుపులో బిడ్డను చూడడానికేనని అందరి నమ్మకం. కొత్త డాక్టరు గారు మాత్రం, భుజం కీలు దగ్గరుండే చిన్న సంచి వాచి నీరు చేరితే అది కూడా కనిపిస్తుందన్నారు. "అయితే నా కళ్లతో సూస్తాను" అని మేస్త్రీ గారూ వెంట వచ్చారు. పక్కనున్న కొల్నార నుంచి వచ్చిన గర్భిణుల మధ్య, బల్ల మీద ఇద్దరం తలలు దించుకుని కూర్చున్నాం. ఒక ముసలమ్మ అడగనే అడిగింది: "మీ ఇద్దర్లో ఎవులికి నాయినా, ఎన్నో నెల?"

లోపల డాక్టరు గారు నా ఎడమ భుజానికి జెల్లీ రాశారు. బాగున్న దాన్ని ముందు చూసుకుని, దాంతో నొప్పి భుజాన్ని పోల్చడం ఆయన పద్ధతట. ఆ మాట మాకు చెప్పలేదు; ఆయనకు తెలియదా అని నేనూ నోరు విప్పలేదు. "నీరేమీ లేదు" అన్నారాయన. "సూసేవా?" అని మేస్త్రీ గారు లేచి వెళ్లిపోయారు. నేను చొక్కా లేకుండా, జెల్లీ కారుతుండగా, గర్భిణుల మధ్య నుంచి పరుగెత్తాను. "మేస్త్రీ గారూ, ఇది కాదండీ, రెండోదండీ."

ఇన్నేళ్లూ కథ ఇక్కడితో ఆపి అందర్నీ నవ్విస్తూ వచ్చాను. తరవాతిది ఇవాళ చెప్పాలి. ఆయన వెనక్కి వచ్చారు. కుడి భుజంలో నల్లటి మచ్చలా కనిపిస్తున్న నీటిని చాలాసేపు చూశారు. ఆపైన మెల్లగా తన చొక్కా గుండీలు విప్పుకుంటూ, "బాబూ, ఓపాలి నాది కూడా సూడండి. ఏడాదయ్యింది, రేత్రి తొంగోనీదు" అన్నారు. రెండు భుజాల్లోనూ నీరే. పోల్చి చూడడానికి ఆయనకు బాగున్న భుజమే లేదు.

మర్నాడు నన్ను టూల్ రూంకి పంపి, నా పైపులు తనే నిచ్చెనెక్కి బిగించారు. అదేంటండీ అంటే, "నాను పర్మినెంటు గదరా, నన్నెవులు తీసేత్తారు?" అన్నారు.

చొక్కా లేకుండా పరుగెత్తిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ వాడే, పైన ఆయన ఆగి ఆగి మూలుగుతుంటే వింటూ, కింద టూల్ రూం గుమ్మంలో స్టూలు మీద నీడపట్టున కూర్చుని నట్లు ఏరుకుంటూ హాయిగా ఈల వేసుకున్నాడు.