పైపుల ప్రసాదు గొంతు

వేంపల్లెలో రాఘవేంద్రప్రసాద్ ఎవరని అడిగితే తెల్లమొహం వేస్తారు. పైపుల ప్రసాదు అంటే మాత్రం చెయ్యి పట్టుకొని అంగడి దాకా తీసుకొచ్చి వదుల్తారు. పులివెందుల రోడ్డులో బోరు మోటార్లు, పైపులు, కేబుళ్లు అమ్మే అంగడి ఆయనది. అంగడి కనపడక ముందే ఆయన గొంతు వినపడేది.

"ఏమప్పా, మళ్లీ బోరేస్తాండావంట? యాడ? ఆ గుట్ట పక్క చేన్లోనా? మతి ఉండాదా నీకు?" అని రోడ్డుకు అవతల పోయే రైతును నిలబెట్టి మరీ తిట్టేవాడు. ఆ తిట్లు తిని, ఆయన పోయించిన టీ తాగి, చివరికి పైపులు ఆయన దగ్గరే కొనుక్కొని పోయేవాళ్లు. దసరాకు అమ్మవారిశాలలో మైకు పట్టుకునేది ఆయనే. వినాయకుడి లడ్డు వేలం పాడించేది ఆయనే. మైకు లేకపోయినా ఆయనకు పెద్దగా తేడా పడేది కాదు.

భార్య పద్మప్రియకు మాటలు తక్కువ. ప్రొద్దుటూరు నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గొంతుకు ఉలిక్కిపడేది. తర్వాత్తర్వాత ఆ గొంతు లేకపోతే ఇంట్లో ఏదో తక్కువైనట్టు ఉండేది. ఆయన ఆమెను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. మొదట్లో "ఏమే" అనేవాడు. కూతురు శ్రీవాణి పుట్టినాక "వాణీ!" అని కేకేసేవాడు. ఆ కేకకు పలకాల్సింది కూతురు కాదు, తల్లి. శ్రీవాణి పెళ్లయి కడపకు పోయినా ఆ అలవాటు పోలేదు. "వాణీ, మజ్జిగ తే" అంటే పద్మప్రియ చెంబు తీసుకొని వచ్చేది.

శివరాత్రి నుంచి ఆయన గొంతు బొంగురుపోయింది. జాగారం రోజు అరిచి అరిచి పట్టుకుపోయిందనుకున్నారు. మిరియాల పాలు తాగినాడు, వాము నమిలినాడు. ఉగాది వచ్చినా తగ్గలేదు. గోడౌను వెనకాల నిలబడి కాల్చే సిగరెట్లు ఆయనే మానేసినాడు, ఎవరూ చెప్పకుండానే. అది చూసి పద్మప్రియకు భయం వేసింది. ఆయనను కర్నూలు ఆస్పత్రికి తీసుకుపోయింది.

పరీక్షలన్నీ అయినాక డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది. గొంతులో క్యాన్సరు. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. మెడ ముందు చిన్న రంధ్రం పెడతారు, ఇకమీదట ఊపిరి అందులోంచే.

"మరి మాట?" అన్నాడాయన.

"మాట రాదండీ. తర్వాత మిషను పెట్టుకొని మాట్లాడటం నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. కానీ అది మీ గొంతులా ఉండదు."

తిరుగు దారిలో ఆళ్లగడ్డలో టీ కోసం కారు ఆపినప్పుడు ఆయన గ్లాసు చేతిలో పట్టుకొని, "ఆ ఓడ టికెట్లు ఏం చేస్తాం?" అని అడిగినాడు.

పైపుల కంపెనీవాళ్లు బాగా అమ్మిన డీలర్లను ఏటా ఎక్కడికో ఒకచోటికి తిప్పుతారు. ఆ ఏడు చెన్నైలో ఓడ ఎక్కించి సముద్రంలో తిప్పుతామన్నారు, భార్యలతో సహా. ఆ ప్రయాణం అయిన మరుసటి వారమే ఆపరేషను.

"ఇప్పుడెందుకండీ ఓడలు" అంది పద్మప్రియ.

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడే. నోరున్నప్పుడే పోదాం."

బయల్దేరే ముందు శ్రీవాణి ఫోను చేసింది. అప్పటికి కడుపుతో ఉంది. ఏడుస్తూనే మాట్లాడింది. "అమ్మా, నాన్న మాటలు రికార్డు చెయ్యి. ఏదో ఒకటి మాట్లాడించు. నా బిడ్డ వాళ్ల తాత గొంతు వినాల."

ఓడ ఓడలా లేదు. సముద్రంలో లేపిన పెద్ద అపార్టుమెంటులా ఉంది. ఎక్కిన రోజంతా లైన్లకూ సామాన్లకూ సరిపోయింది. మరుసటి రోజు మాత్రం ఎక్కడా ఆగేది లేదు, దిగేది లేదు. పొద్దున లేచి పైడెక్కు మీదికి పోతే నాలుగు పక్కలా నీళ్లు తప్ప ఏమీ లేవు.

ఆయన కమ్మీ పట్టుకొని శానాసేపు చూసినాడు.

"ఇన్ని నీళ్లుండాయి, ఒక్క మోటారు లేదు చూడు" అన్నాడు.

పద్మప్రియ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా కళ్లలో నీళ్లు తిరిగినాయి. గాలికి అన్నట్టు కొంగుతో తుడుచుకుంది.

డెక్కు మధ్యలో ఈత కొట్టడానికి నీలంరంగు తొట్టి కట్టినారు. "సముద్రంలో మళ్లీ నీళ్లతొట్టి ఏంటికే వీళ్లకు? బిందె నీళ్లకు కొట్టుకునే మన చక్రాయపేటోళ్లు చూస్తే ఓడకు నిప్పు పెడతారు" అన్నాడు. ఇడ్లీ, పొంగలి తిన్నాక ఇద్దరూ పొడుగు కుర్చీల్లో నడుం వాల్చినారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఒక పగలంతా పనిలేకుండా పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. ఆదివారం కూడా అంగడి తీసే మనిషి ఆయన. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో, చేతులు ఏం చేసుకోవాలో పద్మప్రియకు తెలియలేదు. కొంతసేపటికి చెప్పులు విడిచి కాళ్లు చాపుకుంది. వెచ్చటి ఎండ, చల్లటి గాలి. ఓడ కదులుతున్నట్టే తెలియడం లేదు. ఇంకొకప్పుడైతే ఎంత సుఖంగా ఉండేదో అనుకుంది.

ఆయన పెళ్లిచూపుల సంగతి ఎత్తినాడు. "మీ ఇంట్లో పెట్టిన బొరుగుల ఉగ్గాణిలో ఉప్పు లేదు. మా నాయన లేచిపోదామన్నాడు. నేనే కూర్చోపెట్టినా."

"ఉప్పెక్కువైందని కదా ఇన్నాళ్లూ చెప్పినారు?"

"అయితే ఎక్కువే అయ్యుంటాది" అని నవ్వబోయి దగ్గినాడు.

ఆమె చేతిసంచిలో ఫోను ఉంది. తీసి బటను నొక్కితే చాలు. కానీ తీస్తే ఎందుకు తీస్తోందో ఆయనకు అర్థమైపోతుంది. సంచిలో చెయ్యి పెట్టింది, మళ్లీ ఊరకే తీసుకుంది. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ అట్లే నిద్రపోయినాడు. మెడ మీద గొంతుముడి పైకీ కిందికీ ఆడుతుంటే ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం టీలు అయినాక డీలర్లందరినీ కింద హాల్లోకి పిలిచినారు. మైకులో నెంబర్లు చదువుతుంటే టికెట్ల మీద కొట్టుకునే హౌసీ ఆట. ఆదోని డీలరు వీరభద్ర మైకు పట్టుకొని నేరుగా వీళ్ల దగ్గరికి వచ్చినాడు. ఏ మీటింగులోనైనా హౌసీ నడిపేది ప్రసాదే, అది అందరికీ తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉందని వాళ్లిద్దరికే తెలుసు. ఎవరికీ చెప్పొద్దని ఆయన ముందే ఒట్టు వేయించుకున్నాడు.

"ప్రసాదన్నా, రా అన్నా. నువ్వు లేక ఏం హౌసీ అన్నా!"

ఆయన పద్మప్రియ వైపు చూసినాడు. వద్దని ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన మైకు తీసుకున్నాడు.

"ఏసీ గాలి పడలేదప్పా, గొంతు పట్టింది. సర్దుకోండి" అని మొదలుపెట్టినాడు. ఆ గొంతు బండ మీద ఆకురాయి గీసినట్టుంది. అయినా నవ్వులు మొదలైనాయి. ఒక్కో నెంబరుకు ఒక్కో మాట. చిన్న నెంబరు వస్తే "మా అంగడిలో ఈ పొద్దు బేరాలు" అన్నాడు. పెద్దది వస్తే "వీరభద్ర వాళ్ల అవ్వ వయసు" అన్నాడు. ఆడవాళ్లు పొట్టలు పట్టుకొని నవ్వినారు. పద్మప్రియ ముందు పెట్టిన టికెట్టు మీద ఒక్క గడి కూడా కొట్టలేదు.

వెనక నుంచి ఎవరో "గట్టిగా చెప్పన్నా, వినపడల్యా!" అని అరిచినారు.

ఆయన గట్టిగా చెప్పబోయినాడు. పెదాలు కదిలినాయి, మెడ నరాలు తేలినాయి, మైకులో ఉత్త గాలి చప్పుడు వచ్చింది. మళ్లీ ప్రయత్నించినాడు. మళ్లీ గాలే. అది కూడా వేషమే అనుకొని హాలంతా గొల్లుమంది. వీరభద్ర అయితే కుర్చీలోంచి జారినంత పని చేసినాడు. ఆయన నవ్వు మొహం పెట్టి, అందరికీ దండం పెట్టి, మైకు వీరభద్ర చేతిలో ఉంచి బయటికి నడిచినాడు. చప్పట్లు ఆయన వెనకాలే తలుపు దాకా వచ్చినాయి.

పద్మప్రియ పైకి పోయేసరికి ఓడ చివర కమ్మీ దగ్గర ఒక్కడే ఉన్నాడు. పొద్దు కుంకుతోంది. అంత గాలిలో పంచె కొస ఎగురుతుంటే ఒక చేత్తో పట్టుకొని ఉన్నాడు.

"వాళ్లకు చెప్పేస్తే పోయేది కదండీ. అట్లా నవ్వుతాంటే నాకు చూడబుద్ధి కాలేదు."

"నవ్వనీలే. కడాకి నవ్వించే పోతాండా కదా." గొంతు మళ్లీ కాస్త తిరిగింది, సన్నగా.

ఆమె పక్కకు పోయి తనూ కమ్మీ పట్టుకుంది. తర్వాత ఆ మాట ఆమె నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు.

"నన్నొకసారి పేరు పెట్టి పిలవండి."

ఆయన తిరిగి చూసినాడు. "ఈ వయసులోనా?"

"ఒక్కసారి."

అటూ ఇటూ చూసినాడు, ఎవరన్నా వింటారేమో అని. పెళ్లినాడు కూడా అంత సిగ్గుపడలేదు. పెదాలు కదిపినాడు. గాలికి ఏమీ వినపడలేదు.

"వినపడలేదండీ."

"పద్మప్రియా" అన్నాడు.

"ఆ" అంది.

"పద్మప్రియా!"

"ఆ, ఈడే ఉండా."

ఇక ఆయన ఆగలేదు. రోడ్డుకు అవతలి రైతును పిలిచినట్టే పిలిచినాడు. విరిగిపోతున్న గొంతుతోనే, కమ్మీ మీద చెయ్యి కొడుతూ, పిలిచినాడు. ఆయన పిలిచినప్పుడల్లా ఆమె పలికింది. దూరంగా పిల్లలతో నిలబడిన జంట ఒకటి తిరిగి చూసింది. ఇద్దరూ పట్టించుకోలేదు. దగ్గు వచ్చి వంగిపోయే దాకా పిలిచినాడు.

దగ్గు తగ్గినాక, ఆమె చేతిలో ఫోను చూసినాడు. ఎప్పుడు తీసిందో, ఎప్పుడు నొక్కిందో. వాణి అడిగిందని ఆమె చెప్పబోయింది. ఆయన అక్కర్లేదన్నట్టు చెయ్యెత్తి, "సరిగ్గా పట్టుకో" అన్నాడు. ఫోనుకు దగ్గరగా వంగి, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా మాట్లాడినాడు.

"ఏమప్పా, ఏమ్మా... నువ్వెవరో ఇంకా తెలీదు నాకు. నేను మీ తాతను. పైపుల ప్రసాదును. వేంపల్లెకు వస్తే అంగడికి రా. ఎవరినడిగినా చెప్తారు."

మరుసటి వారం కర్నూలులో ఆయనను ఆపరేషనుకు తీసుకుపోయినాక, బయట బెంచీ మీద కూతురి పక్కన కూర్చొని పద్మప్రియ ఫోను తీసింది. అప్పటిదాకా వినలేదు. వినే ధైర్యం చాలలేదు.

గాలి. మొదటి నుంచి చివరి దాకా హోరుమని గాలి. మధ్యలో ఒకచోట దగ్గు లాంటిది ఏదో. అంతే.

శ్రీవాణి ఫోను లాక్కొని చెవికి అదిమి పెట్టుకుంది. సౌండు పెంచింది, మళ్లీ మొదటి నుంచి పెట్టింది. ఆస్పత్రి ఎదురుగా ఉన్న సెల్ పాయింటుకు, ఆ కడుపుతోనే మెట్లు దిగి పోయింది. తిరిగి వచ్చి, "ఎట్ల చేసినా గొంతు రాదంటమ్మా" అంది.

పద్మప్రియ ఆపరేషను గది తలుపు వైపు చూసింది. ఇంకొక్కసారి అని అడగడానికి ఆ తలుపు వెనక ఇప్పుడు ఏమీ మిగిలి లేదు.

పాత ఫోన్లన్నీ వెతికినారు. దొరికినవి రైతులకు పంపిన వాయిస్ మెసేజీలే. "రెండంగుళాల పైపు రేపొస్తాదప్పా, బండి తీసుకొని రా." శ్రీవాణి వాటినే దాచుకుంది.

మెలకువ వచ్చినాక ఆయన మొదట ముట్టుకున్నది మెడనే. రెండో రోజు నర్సు పలక తెచ్చి ఇస్తే, వణికే అక్షరాలతో రాసినాడు: "వాణి వినిందా?"

పద్మప్రియ విన్నదని తల ఊపింది. ఆయన కళ్లు మూసుకొని నవ్వినాడు. ఆ నవ్వు చూసినాక నిజం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

ఇంటికి వచ్చినారు. మెడకు తెల్లగుడ్డ కట్టుకొని ఆయన మళ్లీ అంగడిలో కూర్చున్నాడు. మాట లేని మనిషికి చెవులు కూడా లేవనుకున్నారో ఏమో, వచ్చినవాళ్లంతా ఆయనతో అరిచి అరిచి మాట్లాడేవాళ్లు. చెయ్యి ఊపి, వినపడుతుందని చెవి చూపించేవాడు. వాళ్లు ఇంకా గట్టిగా అరిచేవాళ్లు. కొన్నాళ్లకు టీ తాగడానికి ఆగడం అందరూ మానేసినారు. కొనేది కొనుక్కొని పోయేవాళ్లు.

శ్రీవాణికి ఆడపిల్ల పుట్టింది. వేంపల్లె ఇంట్లోనే ఉయ్యాల వేసినారు. ఆ పొద్దున ఆయన తెల్లచొక్కా వేసుకొని, పద్మప్రియ ఫోను తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టి, ఉయ్యాల చూపించినాడు. వినిపించమని.

తల్లీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పద్మప్రియ ఆయనను వంటింట్లోకి తీసుకుపోయి చెప్పింది. "గాలికి ఏమీ పడలేదండీ. ఆస్పత్రిలో మీకు అబద్ధం చెప్పినా."

ఆయన నమ్మలేదు. తనే పెట్టుకొని విన్నాడు, ఆసాంతం. అయిపోయినాక ఫోను గట్టు మీద ఉంచినాడు. ఉయ్యాల దగ్గరికి పోయి, మనవరాలి పాదం రెండు వేళ్లతో పట్టుకొని కాసేపు నిలబడి, అంగడికి పోయినాడు. వచ్చిన చుట్టాలు భోజనం చేసి పొమ్మన్నా ఆగలేదు.

పద్మప్రియ క్యారియరు కట్టుకొని వెనకాలే పోయింది. ఆమె మెట్లెక్కుతుండగా బల్ల మీద అంగడి ఫోను మోగింది. ఆయన అలవాటుగా ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల ఎవరో "అలో, ప్రసాదన్నా, అలో" అంటున్నారు. ఆయన నోరు తెరిచినాడు. తెరిచిన నోరు అట్లే ఉంది. రిసీవరు ఆమె చేతికిచ్చి లేచి లోపలికి పోయినాడు.

"ఆ, చెప్పప్పా. మోటారా? ఉండాది, రా" అని ఆమె మాట్లాడి పెట్టేసింది. లోపల గోడౌనులో చప్పుడు లేదు. పడుకున్నాడేమో అనుకుంటూ పోయి చూసింది.

నల్లపైపు చుట్టల మీద కూర్చొని ఉన్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మొహమంతా తడిసిపోయింది. నోరు ఇంత తెరిచి, గుండెలు పగిలేటట్టు ఏడుస్తున్నాడు. ఆ ఏడుపుకు శబ్దం లేదు. మెడ దగ్గర గుడ్డ మాత్రం లోపలికీ బయటికీ ఆడుతోంది.

పద్మప్రియ క్యారియరు కింద పెట్టి, పక్కనే కూర్చొని, ఆయన తల తన భుజానికి ఆనించుకుంది. బయట రోడ్డు మీద ట్రాక్టరు పోయింది. ఆయన తరఫున కూడా కలిపి, ఆమె గట్టిగా ఏడ్చింది.