గుంత అడుగున అల్లం

ఫోన్‌లో పరిచయమైన మనిషితో పని పెట్టుకోవచ్చా నానమ్మా అని మొన్న మీరు అడిగారు. "జర చూసుకోని చేయుండ్రి బిడ్డా" అని మాట దాటేశాను. అసలు సంగతి చెప్పడానికి భయమేసింది. మీరు నన్ను తక్కువగా చూస్తారేమో అని. ఇప్పుడు చెబుతాను, మెల్లగా వినండి.

కోహీర్ దారిలో మన ఎర్రచేను మీకు తెలుసు. ప్రతి ఏడూ అల్లం తవ్వాక మంచి కొమ్ములు విత్తనానికి ఆపి, నీడలో గుంత తీసి, ఇసుక, వేపాకు పరిచి దాచుతాం. ఎండాకాలం చివర ఆ విత్తనం కోసం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వస్తారు. వాళ్లకు మేం ఏరి ఇవ్వం. వచ్చినవాళ్లే గుంతలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఒక కొమ్ము లాగి, విరిచి వాసన చూస్తారు. కుళ్లు అడుగునే మొదలవుతుంది మరి. ఆ సమయంలో ఇచ్చేవాళ్ల చెయ్యి గుంతలో ఉండకూడదు. మా అత్తగారు నాకు నేర్పిన మొదటి పద్ధతి అది.

కొన్నేళ్ల కింద మీ చిన్నమ్మ, అంటే నా చిన్న కోడలు, నన్ను అల్లం రైతుల ఫోన్ గ్రూపులో చేర్చింది. మన వైపు వాళ్లూ ఉన్నారు, కర్ణాటక వాళ్లూ ఉన్నారు. నెల దాకా నేను నోరు తెరవలేదు.

"రాసుడు రాకుంటే మాట్లాడి పంపు అత్తమ్మా. నిన్నేమన్న కొరుకుతరా?"

"కొరకరు. నవ్వుతరు."

"నవ్వనియ్యి. నీకేమన్న ఇనవడ్తదా?"

ఒకరోజు బీదర్ అవతలి నుంచి ఒకామె అడిగింది, ఆకుల కొసలు పసుపు రంగుకు ఎందుకు తిరుగుతున్నాయని. పొద్దుగూకే దాకా ఎవరూ పలకలేదు. నాకు ఆగబుద్ధి కాలేదు. నీళ్లు నిలుస్తున్నాయేమో, మడి చివర కాలువ తియ్యమని మాట్లాడి పంపాను. వారం తిరగకముందే ఆమె కాలువ ఫోటో పెట్టింది. "అక్కా, నీ మాట పనిచేసింది" అంది. అప్పటి నుంచి రోజూ మాటే. ఆమె పేడ ఎరువు ఎట్ల మాగబెడుతుందో నాకు చెప్పేది, మొలక ఎట్ల చూసుకోవాలో నేను చెప్పేదాన్ని. ముఖం చూడలేదు. గొంతు, ఫోటోల్లో కనబడే గోళ్ల మట్టి, అంతే తెలుసు.

పోయిన ఏడాది ఆమె మొదటిసారి తన పేరు మీద ఎకరం కౌలుకు తీసుకుంది. ఇంట్లో అందరూ వద్దన్నారట. ఈ పంట పోతే మళ్లీ చేను మొహం చూడనివ్వరని చెప్పింది. విత్తనం నన్నే అడిగింది.

"వచ్చి చెయ్యి పెట్టి చూసుకో చెల్లె" అన్నాను.

"రెండు బస్సులు మారాలె అక్కా, ఇంట్ల పంపరు. ఫోన్ల చూపియ్యి చాలు. నీ చెయ్యి నా చెయ్యి కాదా?"

ఆ మాటకు నా గుండె నిండింది. మీ చిన్నమ్మ ఫోన్ పట్టుకుంది. నేను గుంత పైనుంచి ఒక కొమ్ము తీశాను. బంగారంలా ఉన్నదాన్నే తీశాను. విరిస్తే టప్పుమంది. ఆ వీడియో గ్రూపులో పెడితే అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. జహీరాబాద్ బస్టాండులో మూడు సంచులు పార్శిల్ వేశాం.

ఐదు రోజుల తర్వాత మా మడుల కోసం గుంత అడుగు తీస్తుంటే నా వేలు ఒక కొమ్ములోకి దిగబడింది. నీళ్లు కారాయి. వాసన వచ్చింది. మీ చిన్నమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఆమెకు పోయినయి పైవే కద అత్తమ్మా. ఏం గాదు."

"పైకి కిందికి నడుమ గోడున్నదా?"

"చెప్తె గ్రూపుల అందరు ఇంటరు. రేపు మన గుంత కాడికి ఎవరొస్తరు?"

ఆమెది చెడ్డ బుద్ధి కాదు. ఆమెకూ భయమే. కుళ్లిన కొమ్ము ఒక్కటి మట్టిలో పడితే, వాన నీళ్లతో మడి మడికీ పాకుతుంది. న్యాల్‌కల్ వైపు ఆకాశం నల్లబడుతోంది. వాన పడితే ఆమె నాటేస్తుంది. ఫోన్ మీద బొటనవేలు పెట్టాను, తీశాను. మళ్లీ పెట్టాను. నాలుగోసారి నొక్కి, మాట్లాడి పంపాను.

"చెల్లె, నేను. ఆనాడు ఫోన్ల ఇరిచింది పైన కొమ్ము. నేనే ఏరిన. మా దగ్గర గట్ల చెయ్యరు, నాకు తెలిసే చేసిన. ఇయ్యాల అడుగున కుళ్లు కనవడ్డది. నీ సంచులల్ల కూడ ఉండచ్చు. నాటకు. నాటితె తీసెయ్యి. తప్పు నాది."

అదే మాట గ్రూపులో కూడా చెప్పాను. విత్తనం కావాలన్న ఇద్దరు గ్రూపు వదిలి వెళ్లిపోయారు. ఆమె విన్నట్టు నీలం గుర్తులు పడ్డాయి. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ సాయంత్రమే పెద్ద వాన. చూరు కింద నిలబడి ఉంటే, ఆ ఎకరంలో నా కుళ్లు పాకుతున్నట్టే అనిపించింది.

మూడో రోజు పొద్దున వీడియో వచ్చింది. నేల మీద పరిచిన పట్టాలో మూడు సంచులూ కుమ్మరించి ఉన్నాయి. మట్టిగోళ్ల చెయ్యి ఒక్కొక్క కొమ్మూ విరిచి చూస్తోంది.

"అక్కా, ఒక సంచి మొత్తం పారవోసిన. రెండు మంచిగున్నయి, మందునీళ్లల్ల ముంచి నాటుత. కోపమొచ్చింది, అందుకే మాట్లాడలే. నువ్వు చెప్పకుంటె మొన్నటి వానకే నాటుతుంటి."

మొలకలు వచ్చే దాకా నాకు నిద్ర సరిగా లేదు. వచ్చాయి. ఆమె ఎకరంలో కొంత ఖాళీ మిగిలింది, ఆ ఖాళీ నాదే అనుకున్నాను.

ఈ ఏడు ఆమె మళ్లీ నన్నే అడిగింది. సంచి కట్టకముందే వీడియో కాల్ చేసింది. మొదటిసారి ముఖం చూశాను. నాకన్నా చాలా చిన్నది. నవ్వలేదు.

"ఫోన్ గుంతకు దగ్గర పెట్టు అక్కా. చెయ్యి లోపలికి పోనియ్యి. ఇంకా కిందికి. అది కాదు, ఎడమకు."

అడుగున ఇసుక చల్లగా తగిలింది. ఆమె చెప్పిన కొమ్మునే పట్టుకుని పైకి లాగాను. ఆమె చూపు నా చెయ్యి మీదే ఉంది.

"ఇరువు అక్కా" అంది.

కళ్లు మూసుకుని విరిచాను.